1980 మోడల్ జే-24 సెయిల్‌బోట్: నాలుగేళ్ళు వాడాక నా రివ్యూ

మొన్న సంక్రాంతికి ఇక్కడ కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో తెలిసినవాళ్ళింట్లో కలిసినప్పుడు మళ్ళీ అదే ప్రశ్న, "నీకు యాట్ ఉందంట కదా, ఎంతయిందేంటి?" అని. యాట్ అనగానే అందరికీ తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో గ్లాసు గుర్తొస్తాయి కాబోలు. నాది 24 అడుగుల పడవండి, లోపల నిలబడటం మాట దేవుడెరుగు, కాస్త నిటారుగా కూర్చున్నా తల పైకప్పుకి కొట్టుకుంటుంది. కొన్నది 4,200 డాలర్లకి, ఆ డబ్బుకి ఇక్కడ పనికొచ్చే పాత కరోలా కూడా రాదు. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా, కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని చదవండి.

ముందు వస్తువేంటో చెప్తా. జే-24 అంటే రాడ్ జాన్‌స్టన్ అనే ఆయన కనెక్టికట్‌లో స్టోనింగ్‌టన్ అనే ఊళ్ళో తన ఇంటి గరాజ్‌లో కట్టుకున్న పడవ, దాని పేరు రాగ్‌టైమ్. అది రేసుల్లో పెద్ద పడవల్ని కూడా కొట్టేస్తుంటే 1977 నుంచి ఫ్యాక్టరీలో చెయ్యడం మొదలెట్టారు, ఇప్పటికి 5,500 పైనే తయారయ్యాయి. పొడవు 7.3 మీటర్లు, బరువు 1,400 కిలోల చిల్లర, అందులో 430 కిలోలు అడుగున వేలాడే సీసం కీలే. ఆ కీల్ ఉండబట్టే గాలికి పక్కకి ఒరిగినా మళ్ళీ లేస్తుంది. అన్ని పడవలూ ఒకే కొలత కాబట్టి రేస్‌లో "నీ పడవ ఫాస్టు, నాది స్లో" అనే సాకు ఉండదు, ఓడిపోతే నువ్వే ఓడిపోయినట్టు. నాకు ఇదే నచ్చింది, ఇదే ఏడిపించింది కూడా.

మాది కాకినాడ, ఆయ్. జగన్నాథపురం వంతెన మీద నుంచి పడవల్ని చూస్తూ పెరిగినవాణ్ణే గానీ ఒక్కటంటే ఒక్కటి నడిపిన పాపాన పోలేదు. ఇక్కడికొచ్చాక ఆఫీసులో ఒక తమిళ కొలీగ్ సెయిలింగ్ క్లాసుకి లాక్కెళ్ళాడు, రెండు సీజన్లు వేరేవాళ్ళ పడవల్లో బ్యాలస్ట్‌గా అంటే బరువు కోసం కూర్చునే మనిషిగా తిరిగా, మూడో ఏడు పురుగు కుట్టింది, సొంతంగా కొందామని.

పాత జే-24 కొనేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, తెరచాపలు కాదు, చెక్క. బయటికి అంతా ఫైబర్‌గ్లాస్‌లా కనిపిస్తుంది గానీ పడవ ఒంట్లోనూ (హల్ అంటారు), పైన మనం నడిచే డెక్కులోనూ రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది, తేలిగ్గా గట్టిగా ఉంటుందని పెట్టారు. ఫైబర్‌కి ఎక్కడైనా బోల్టు కోసం పెట్టిన కన్నంలోంచి నీళ్ళు దిగాయా, ఆ చెక్క లోపల్లోపల నానిపోతుంది, బయటికి ఏమీ తెలీదు. తెలుసుకునే పద్ధతి మన ఆడవాళ్ళు కుండ కొనేటప్పుడు చేసేదే, వేళ్ళతో కొట్టి వినడం. చిన్న ప్లాస్టిక్ సుత్తి తీసుకుని డెక్కంతా అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్తే బావున్నచోట టక్ టక్ మని పలుకుతుంది, నానినచోట డబ్ డబ్ మని మూగగా పలుకుతుంది. పాత పడవల్ని పరీక్షించే సర్వేయర్ తేమ మీటరు పెట్టి చూసి 500 డాలర్లు తీసుకుని చెప్పింది, నేను సుత్తితో కనిపెట్టింది దాదాపు ఒకటే, అయినా సర్వే రిపోర్టు లేకపోతే ఇంత పాత పడవకి నాకు ఎవడూ ఇన్సూరెన్స్ ఇవ్వలేదు, ఇన్సూరెన్స్ లేకపోతే మెరీనా వాడు స్లిప్, అంటే రేవులో పడవ కట్టుకునే చోటు, ఇవ్వడు, కాబట్టి చేయించాల్సిందే.

ఇంకో ముఖ్యమైన సంగతి, పాత హల్స్‌లో కీల్ పైన గుంటలా ఉండే చోట్ని వర్మిక్యులైట్‌తో నింపేసేవాళ్ళు, మొక్కల కుండీల్లో వేస్తారు చూడండి, ఆ సరుకే. అది స్పాంజిలా నీళ్ళు పీల్చుకుని ఏళ్ళ తరబడి అట్టే పెట్టుకుంటుంది, కీల్ బోల్టులకి మంచిది కాదు. నాకన్నా ముందు ఓనరు అదంతా తవ్వి తీసేసి గట్టి ఫైబర్‌తో మళ్ళీ కట్టిన ఫొటోలు చూపించాడు, 4,200కి బేరం ఆడకుండా కొనేసింది ఆ ఫొటోలు చూసే. ఫొటోలు లేవు, "చేయించాను" అని నోటిమాట మాత్రమే అంటే లేచి వచ్చేయండి.

మొదటి ఏడు ఖర్చులు చెప్తా, మా ఆవిడ ఈ పేరా చదవదని ఆశ. పడవ 4,200, సర్వే 500. నీళ్ళలోంచి క్రేన్‌తో బయటికి తీసి అడుగు గీకి రంగు వెయ్యడానికి 1,900. మాస్తుని, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, పట్టుకునే స్టీలు తీగలు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు కాబట్టి అవి మార్చడానికి 1,100. ఒక సీజన్ వాడిన సెకండ్ హ్యాండ్ తెరచాపలు 1,500. స్లిప్ అద్దె నెలకి 330. ఇన్సూరెన్స్ 280. ఇక నీళ్ళలో ఉన్న పడవ అడుక్కి నాచు, గుల్లలు పట్టేస్తాయి కదా, డైవర్ వచ్చి నీళ్ళలో మునిగి బ్రష్‌తో తోమి వెళ్తాడు, ఒక్కోసారికి 80, ఏడాదికి పదిసార్లు. మొత్తం 14 వేలు దాటింది, ఇందులో కప్పీలు, తాళ్ళు, టూల్స్ కలపలేదు, వాటి లెక్క 1,500 దగ్గర రాయడం ఆపేశా. పైగా కాలిఫోర్నియాలో పడవకి డీఎంవీ రిజిస్ట్రేషన్ కాక కౌంటీ వాళ్ళు ఆస్తి పన్ను కూడా వేస్తారు, ఇంటికి వేసినట్టే. ఆ నోటీసు మొదటిసారి వచ్చినప్పుడు ఎవడో స్కామ్ చేస్తున్నాడనుకుని చించేశా, తర్వాత పెనాల్టీతో కట్టా.

రెండో ఏడు నుంచి 6 వేల దగ్గర నిలబడింది, ఎందుకంటే పనులన్నీ నేనే చేసుకోవడం మొదలెట్టా. ఎందుకు మొదలెట్టానో కూడా చెప్పాలి. మాస్తు తీగల్ని డెక్కుకి పట్టుకునే పట్టీలు ఉంటాయి, చైన్‌ప్లేట్లంటారు, అవి డెక్కులోంచి కిందకి దిగి లోపల ప్లైవుడ్ గోడకి బోల్టులతో బిగిసి ఉంటాయి. అక్కడ నీళ్ళు కారుతున్నాయని ఇక్కడ ఒక యార్డు వాళ్ళకి ఇచ్చా, పేరు రాయను. పట్టీలు పూర్తిగా విప్పి, కన్నాలు శుభ్రం చేసి, మళ్ళీ సీల్ చేసి బిగించామని 740 డాలర్ల బిల్లు ఇచ్చారు. మొదటి వానకి లోపల పరుపు తడిసి ముద్దయింది. నేనే విప్పి చూస్తే ఏముంది, పాత జిగురు అట్టే ఉంది, పైన బాత్రూమ్ సిలికాన్ నున్నగా వేలితో రాసి వదిలేశారు. ఫోన్ చేస్తే "పాత పడవలు కారతాయి సార్" అన్నారు. అప్పటికే ప్లైవుడ్ గోడ కింద భాగం గోరు దిగేంత మెత్తబడింది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటారే, సరిగ్గా అది.

ఆ కోపంలో నేర్చుకున్నా. డెక్కు మీద రెయిలింగ్ స్తంభం కింద ఒకచోట డబ్ మని పలికేది, దాని బోల్టు విప్పి చూస్తే కన్నంలోంచి డికాషన్ రంగు నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి. లోపల చెక్కని వంచిన మేకుతో కెలికితే నానబెట్టిన అటుకుల్లా ఊడొచ్చింది, మురిగిపోయిన వాసన. తడి ఎంతవరకుందో చూసుకుని లోపలి వైపు నుంచి కింద ఫైబర్ పొరని పలకలా కోసి తీశా, అరచేయి అంత అనుకున్నది భోజనం పళ్ళెమంత అయింది. తడి చెక్కంతా గీకి, హీటర్ పెట్టి రెండు వారాంతాలు ఆరబెట్టి, కొత్త బాల్సా ముక్కలు ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి, పైన గ్లాసు బట్ట మూడు పొరలు వేసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దా. తలకిందులుగా పడుకుని నెత్తి మీద ఎపాక్సీ పని చెయ్యడం అంటే మాటలు కాదు, జుట్టులో పడిన చుక్క కత్తిరించుకోవాల్సి వచ్చింది, ఆ సోమవారం ఆఫీసులో టోపీ పెట్టుకునే మీటింగులో కూర్చున్నా.

బోల్టు కన్నాలకి ఒక కిటుకు ఉంది, ఇది మా పక్క స్లిప్పులో ఉండే డెబ్భై ఏళ్ళ పెద్దాయన నేర్పాడు. కన్నం కావాల్సిన దానికన్నా పెద్దదిగా చేసి, చుట్టూ ఉన్న బాల్సాని కొంచెం లోపలికి గీరేసి, ఆ గుంటని చిక్కటి ఎపాక్సీతో నింపేసి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకి సరిపడా కన్నం చెయ్యాలి. అప్పుడు రేపెప్పుడైనా సీల్ పోయి నీళ్ళు దిగినా ఎపాక్సీ గోడ దాటి చెక్కకి చేరవు. సీల్‌కి బ్యూటిల్ టేప్, అంటే మెత్తటి రబ్బరు బంక టేపు, చాలు. త్రీఎం 5200 అనే జిగురు అందరూ గొప్పగా చెప్తారు, అది మాత్రం మళ్ళీ ఎప్పుడైనా విప్పాల్సిన దేనికీ వాడకండి. నా ముందు ఓనరు ఒక కంపాస్‌ని దానితో అంటించాడు, తియ్యబోతే కంపాస్‌తో పాటు డెక్కు పై పొర ఊడొచ్చింది.

మా నాన్న ఇక్కడికొచ్చినప్పుడు నేను ఇలా మోకాళ్ళ మీద కూర్చుని గీకుతుంటే చూసి, "తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టేవాళ్ళు సందుల్లో నార కూరి నూనె పూసేవాళ్ళురా, నువ్వు ఇంత చదువు చదివి అదే పని చేస్తున్నావు" అన్నాడు. నిజమే, సామాను మారింది గానీ పని అదే, నీళ్ళని బయట ఉంచడం.

ఇప్పుడు అసలు నడిపితే ఎలా ఉంటుందో. వేసవిలో లోపల శాక్రమెంటో వైపు లోయంతా నలభై డిగ్రీలు ఎండ కాస్తుంటే ఇక్కడ సముద్రం ఒడ్డున పదిహేను డిగ్రీలు, ఆ వేడి గాలి పైకి లేచి, చల్లగాలిని శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ సందులోంచి బే లోపలికి లాక్కుంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక 20, 25 నాట్ల గాలి, అంటే గంటకి నలభై కిలోమీటర్ల ప్రాంతంలో, రోజూ డ్యూటీకి వచ్చినట్టు వచ్చేస్తుంది. దానికి ఎదురుగా పాటు నీళ్ళు, అంటే పోటు తగ్గి సముద్రంలోకి తిరిగిపోయే నీళ్ళు, బయటికి పోతుంటే అలలు నిటారుగా లేచి పడవని పళ్ళు పటపటలాడేలా కొడతాయి. జే-24 ఆ గాలిలో ఎదురెక్కేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, చుక్కాని కర్రని రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలు, పడవ ఏం అనుకుంటుందో చేతికి తెలుస్తుంది, ఇంత చక్కగా మాట్లాడే పడవ నేను ఇంకోటి నడపలేదు. కాకపోతే నలుగురు మనుషులు పక్క అంచు మీద కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుని బరువు వేస్తేనే. ముగ్గురే వచ్చారా, పడవ ఒరిగిపోయి పక్కకి జారుతూ పోతుంది.

గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు మాత్రం దీనికి కాస్త పొగరు. రెండో సీజన్‌లో ఒక శుక్రవారం సాయంత్రం రేసు, ఇక్కడ వీటిని బీర్ క్యాన్ రేసులంటారు, పని అయ్యాక సరదాగా పెట్టేవి. గాలి ఇరవై దాటింది, ముందున్నవాడు స్పిన్నేకర్, అంటే వెనక గాలికి బెలూన్‌లా ఉబ్బే పెద్ద తెరచాప, ఎత్తాడు, నేనేం తక్కువా అని నేనూ ఎత్తించా. మూడు నిమిషాలు స్వర్గం, పడవ అలల మీద జారుతూ చప్పుడు కూడా మారిపోయింది, సన్నగా ఈల వేసినట్టు. తర్వాత ఒక గాలి విసురు వచ్చింది, చుక్కాని చేతిలో ఒక్కసారి ఖాళీ అయిపోయింది, అంటే నీళ్ళలో పట్టు పోయింది, పడవ గిర్రున గాలి వైపు తిరిగి పక్కకి పడుకుంది. దీన్నే బ్రోచ్ అంటారు. బూమ్, అంటే పెద్ద తెరచాప కింద అంచుని పట్టుకునే అడ్డకర్ర, నీళ్ళలో ఈడ్చుకుపోతోంది, స్పిన్నేకర్ ఫట్ ఫట్ మని కొట్టుకుంటోంది, నేను "వాంగ్! వాంగ్ వదలండి!" అని అరుస్తున్నా, బూమ్‌ని కిందకి లాగి ఉంచే ఆ వాంగ్ తాడు దగ్గరుండాల్సిన మనిషి రెయిలింగ్ పట్టుకుని వేలాడుతూ తెలుగులో దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

అప్పుడు చేసిన తప్పు ఏంటంటే క్యాబిన్ తలుపు పలకల్లో పైది పెట్టలేదు. నీళ్ళు గబగబా లోపలికి దిగాయి. ఇది ఈ మోడల్‌కి అందరికీ తెలిసిన బలహీనత, బ్రోచ్ అయినప్పుడు తలుపు, సీటు కింద లాకర్ మూతలు తెరిచి ఉంటే పడవ లేవకుండా మునిగిపోగలదు, అలా మునిగినవి ఉన్నాయి. మాది లేచింది, బకెట్‌తో నలభై సార్లు తోడాం. ఆరోజు నుంచి పదిహేను నాట్లు దాటితే పలకలు వేసి లాకర్లకి గొళ్ళెం పెట్టకుండా ఎవర్నీ స్పిన్నేకర్ ముట్టుకోనివ్వను. లైఫ్ జాకెట్ మాట వేరే చెప్పక్కర్లేదు, వేసవిలో కూడా ఇక్కడ నీళ్ళు పద్నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటాయి, ఈతొచ్చినవాడికి కూడా చేతులు కొంతసేపటికి పనిచెయ్యవు.

రేస్ రూల్స్ మొదట్లో జడుసుకునేలా ఉంటాయి గానీ మొదటి సీజన్‌కి మూడు చాలు. కుడి పక్క నుంచి గాలి వస్తున్నవాడికి, అంటే స్టార్‌బోర్డ్ టాక్‌లో ఉన్నవాడికి, ఎడమ గాలివాడు దారివ్వాలి. ఒకే పక్క గాలి అయితే గాలి వచ్చే వైపున్నవాడు అవతలి వైపున్నవాడికి దారివ్వాలి. వెనకున్నవాడు ముందున్నవాడిని తప్పించుకోవాలి. ఎవడైనా "స్టార్‌బోర్డ్!" అని గట్టిగా అరిస్తే వాదించకుండా పక్కకి తిప్పేయండి. స్టార్ట్‌కి అయిదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలప్పుడు ఇంకోటి, ఒక నిమిషం ఉందనగా అది దిగుతుంది, సున్నా దగ్గర మొదటిది దిగుతుంది. ఆ అయిదు నిమిషాలూ లైను వెనక పాతిక పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరగడం చూస్తే అమీర్‌పేట్ మైత్రీవనం సిగ్నల్ గుర్తొస్తుంది, తేడా ఏంటంటే ఇక్కడ ఎవరికీ బ్రేకులుండవు.

రకరకాల పడవలు కలిసి పరిగెత్తే రేసులకి పీహెచ్ఆర్ఎఫ్ అని హ్యాండీక్యాప్, అంటే నెమ్మది పడవకి ఇచ్చే టైము రాయితీ, ఉంటుంది, ఒక్కో నాటికల్ మైలుకి ఇన్ని సెకండ్లు అని. జే-24కి 170 ప్రాంతంలో ఇస్తారు, నంబర్ ఎంత పెద్దదయితే అంత నెమ్మది పడవ అని లెక్క. నలభై అడుగుల పడవ మనకన్నా ముందు గీత దాటినా సెకండ్లు తీసేశాక మనం గెలిచిన సందర్భాలు ఉంటాయి, నాకు ఒక్కసారి జరిగింది, ఆ ప్లాస్టిక్ గ్లాసు ట్రోఫీ దేవుడి గూటి పక్కనే ఉంది.

జనవరి చివర్లో ఇక్కడ త్రీ బ్రిడ్జ్ ఫియాస్కో అని ఒక వింత రేసు ఉంది, ఒక్కరు గానీ ఇద్దరు గానీ మాత్రమే నడపాలి. గోల్డెన్ గేట్ దగ్గర ఒక బోయా (నీళ్ళ మీద తేలే గుర్తు), రిచ్‌మండ్ వంతెన దగ్గర రెడ్ రాక్ అనే రాతి దీవి, బే బ్రిడ్జ్ దగ్గర యెర్బా బ్యూనా, ట్రెజర్ ఐలాండ్ జంట దీవులు, ఈ మూడింటినీ ఏ వరసలో అయినా ఏ దిక్కుగా అయినా చుట్టి రావచ్చు, స్టార్ట్ లైన్ కూడా ఏ వైపు నుంచైనా దాటొచ్చు. నెమ్మది పడవలు ముందు, వేగంవి తర్వాత బయల్దేరతాయి. దాదాపు 21 నాటికల్ మైళ్ళు. చలికాలం గాలి ఉండదు, పోటూ పాటూ మాత్రం గట్టిగా ఉంటాయి, కాబట్టి అది తెరచాప రేసు కన్నా నీళ్ళ లెక్కల పరీక్ష. నేనూ కొలీగూ ట్రెజర్ ఐలాండ్ ముందు చుట్టేసి రెడ్ రాక్‌కి అర మైలు దూరం దాకా వెళ్ళాం, గాలి చచ్చిపోయింది, పాటు తిరిగింది. తెరచాప నిండుగానే కనిపిస్తోంది గానీ దీవి మాత్రం దూరమైపోతోంది. అప్పుడు లంగరు వేశాం, రూల్స్ ప్రకారం వెయ్యొచ్చు. ఇరవై మీటర్ల తాడు వదిలితే పట్టలేదు, మొత్తం వదిలాక పట్టింది. మేం కదలకుండా కూర్చున్నాం, చుట్టూ ఉన్న పడవలన్నీ వెనక్కి కొట్టుకుపోతున్నాయి, ఇరవై నిమిషాల్లో పదకొండు పడవల్ని దాటేశాం, లంగరు వేసుకుని, పులిహోర తింటూ.

రేసు పూర్తి చెయ్యలేదు లెండి. చీకటి పడుతోందని మోటర్ దింపి స్టార్టర్ లాగితే ఉలుకూ పలుకూ లేదు. పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది కదా, రెండు నెలలు వాడకుండా వదిలేస్తే కార్బ్యురేటర్‌లో జిగురు పట్టేస్తుంది. వేరే పడవవాళ్ళు తాడు వేసి లాక్కొచ్చారు. ఇప్పుడు ప్రతిసారీ వచ్చాక పెట్రోల్ పైపు తీసేసి అదే ఆగిపోయేదాకా మోటర్‌ని నడిపి ఖాళీ చేస్తా, చిన్న పనే, నాలుగు నిమిషాలు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళిన రోజు గురించి కూడా రాయాలి, ఫ్యామిలీ కోసం కొందామనుకునేవాళ్ళకి అదే ముఖ్యం. అమ్మకి కూర్చోవడానికి చోటు లేదు, ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక తాడు మీద కూర్చున్నట్టే, పడవ కాస్త ఒరగగానే "పడిపోతున్నాం రా" అని నా చొక్కా పట్టుకుంది, టాయిలెట్ అంటే కర్టెన్ వెనక ఒక ప్లాస్టిక్ పెట్టె. నాన్న మాత్రం "సరంగు గారూ, గోల్డెన్ గేట్ దాటించండి" అని ఒకటే పోరు. నేను గాలి ఎక్కువైందని వెనక్కి తిప్పితే, "నేవీలో ఆ వైజాగ్ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, ఆరుగురు ఆడపిల్లలు తారిణి వేసుకుని ప్రపంచమంతా చుట్టొచ్చారు, నీకు వంతెన దాటడానికి భయమా" అన్నాడు. 2017-18లో 254 రోజులు తిరిగొచ్చారు వాళ్ళు, 55 అడుగుల పడవ అది, నాది అందులో సగం కూడా లేదు అని చెప్పినా వినలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ తేల్చేసింది, "మీ పడవ మీ స్నేహితులకి, మా అందరికీ ఫెర్రీ."

కాబట్టి పిల్లలతో, అత్తమామలతో పిక్నిక్‌కి అయితే ఇది కొనకండి. అదే డబ్బుకి, మహా అయితే ఇంకో రెండు మూడు వేలు వేసుకుంటే పాత కాటలీనా 27 అనే ఇంకో మోడల్ పడవ దొరుకుతుంది, లోపల కాళ్ళు చాపుకోవచ్చు, స్టవ్వు ఉంటుంది, మూత వేసి తలుపేసుకునే టాయిలెట్ ఉంటుంది. కొత్తగా నేర్చుకుంటూ ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుందామనుకుంటే కాటలీనా 22 చూడండి, వాటిలో చాలావాటికి కీల్ పైకి లాగేసుకోవచ్చు. జే-24 మాత్రం రేసుకే.

తెరచాపల గురించి ఒక మాట. కొత్త జెనోవా, అంటే ముందు వైపు పెద్ద తెరచాప, ఒక్కదానికే నాకు 2,000 పైన కోట్ ఇచ్చారు. గట్టిగా రేసులాడే టీములు ఏటా కొత్తవి కొంటాయి, వాళ్ళు తీసేసినవి సగం కన్నా తక్కువకి వస్తాయి, మనలాంటి వాళ్ళకి మూడేళ్ళు బంగారంలా పనిచేస్తాయి. పాతబడిన గుడ్డ సాగిపోయి, తెరచాప గాలికి ఉబ్బే పొట్ట వెనక్కి జారుతుంది, అప్పుడు పడవ ముందుకి వెళ్ళడం మానేసి పక్కకి ఒరుగుతుంది. నేను మొదటి ఏడంతా క్రూని తిట్టా, బరువు సరిగ్గా వెయ్యట్లేదని, తీరా తెరచాప మార్చగానే సగం జబ్బు పోయింది. ఆ తిట్లు తిన్న ఒకడు అప్పటికే మానేసి వెళ్ళిపోయాడు.

నన్నడిగితే ఈ పడవకి అన్నిటికన్నా ఖరీదైన పార్టు అదే, మనుషులు. బాల్సా మార్చుకోవచ్చు, తీగలు కొనుక్కోవచ్చు. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి అయిదుగురు రేవులో ఉండాలి, ఉంటేనే పడవ కదులుతుంది. ఒకరికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటుంది, ఒకరికి పిల్లల కూచిపూడి క్లాసు, ఒకరికి ఇండియా కాల్. క్లాస్ రూల్ ప్రకారం క్రూ బరువు మొత్తం 400 కిలోలు దాటకూడదు, పెద్ద రెగట్టాలు, అంటే పడవ పోటీలు, అయితే తూకం వేస్తారు. మేం మొదట్లో 371 ఉండేవాళ్ళం, దీపావళి, సంక్రాంతి అయ్యాక 404కి వచ్చాం, ఒక పెద్ద రేసు ముందు వారం అయిదుగురం రాత్రిపూట కీరదోసకాయలు తిని గడిపాం. నాలుగేళ్ళలో పన్నెండు మంది క్రూ మారారు. వాట్సాప్ గ్రూపులో నేను పంపిన "ఈ వారం ఎవరెవరు వస్తున్నారు" మెసేజీలు లెక్కేస్తే నేను రుద్దిన ఉప్పుకాగితాల కన్నా ఎక్కువే ఉంటాయి.

రేటింగ్ అడుగుతారు కదా. రేసు పడవగా అయిదుకి నాలుగున్నర, ఆ అర తలుపు పలకల దగ్గర తీసేశా. మెయింటెనెన్స్‌కి మూడు, బాల్సా వల్ల. ఫ్యామిలీకి ఒకటి, అది కూడా నాన్న ఇచ్చింది. అమ్మే ఉద్దేశం అయితే లేదు.

ఇంకోటి, మా పడవలో ముందు వైపు మాస్తు దగ్గర పనిచేసే కుర్రాడికి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నాడు. ఈస్ట్ బేలో ఉండి, శుక్రవారాలు ఖాళీ ఉండి, బరువు 70 లోపు ఉండి, తడిసినా తిట్టినా పట్టించుకోనివాళ్ళెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. అనుభవం అక్కర్లేదు. పులిహోర నాది.